రగ్గడ్ ల్యాప్‌టాప్‌కి వైఫై పెట్టడం: కార్డుది పావు వంతు పని, యాంటెనాది ముప్పావు

విశాఖ ఆటోనగర్ షెడ్లలో లారీ ఇంజన్లు స్కాన్ చేసేవాళ్ల దగ్గరా, హార్బర్ వైపు సరుకు లెక్కలు చూసుకునేవాళ్ల దగ్గరా సెకండ్ హ్యాండ్ రగ్గడ్ ల్యాప్‌టాప్‌లు కనిపిస్తుంటాయి. పానసోనిక్ టఫ్‌బుక్, గెటాక్, డెల్ లాటిట్యూడ్ రగ్గడ్ లాంటివి. కిందపడినా, వాన చినుకులు పడినా చెక్కుచెదరని ఈ ఇటుకరాళ్లలో కొన్నింటికి ఒక వింత లోటు ఉంటుంది: వైఫై ఉండదు. చెడిపోయి కాదు, మొదటినుంచీ లేదు. భద్రత కారణాలతో రేడియో లేని మోడలే కావాలని కొనే సంస్థలు ఉంటాయి. మరికొన్నింటిలో పాత యజమాని అమ్మే ముందు కార్డు పీకేసి ఉంటాడు.

కొన్నవాడికి వచ్చే మొదటి ఆలోచన యూఎస్‌బీ డాంగిల్, అంటే పోర్టులో గుచ్చే బుల్లి వైఫై పరికరం. మామూలు ల్యాప్‌టాప్‌కి అది చక్కటి దారే. రగ్గడ్‌కి మాత్రం కాదు. దీని పోర్టులన్నిటికీ రబ్బరు అంచున్న తలుపులుంటాయి. గోరంత డాంగిల్ పెట్టినా ఆ తలుపు మూసుకోదు. తలుపు తెరిచి ఉన్నంతసేపూ ఐపీ 65 అన్న రేటింగ్‌కి అర్థం లేదు. అందులో 6 అంకె దుమ్ము అస్సలు చొరబడదని, 5 అంకె అన్ని వైపుల నుంచీ నీటి ధార కొట్టినా ఇబ్బంది లేదని చెప్తాయి. ఆ రెండూ తలుపులన్నీ మూసి ఉన్నప్పటి మాటలు. పైగా లారీ క్యాబిన్‌లో మొదట విరిగేది బయటికి పొడుచుకొచ్చిన డాంగిలే.

కాబట్టి కార్డు లోపలే ఉండాలి. కార్డు చౌక, పెట్టడం అయిదు నిమిషాల పని. అయితే రగ్గడ్ ల్యాప్‌టాప్ ఒళ్లంతా మెగ్నీషియం లోహం. లోహపు పెట్టెలో కూర్చున్న కార్డు సిగ్నల్ బయటికి రాదు. అసలు పనంతా యాంటెనాని ఆ లోహం బయటికి తేవడంలో, ఆ తర్వాత పెట్టెని మళ్లీ గాలి చొరనంత గట్టిగా మూయడంలో ఉంది. సముద్రం పక్కన ఉండే ఊళ్లో ఈ రెండోది మొదటిదానికంటే ముఖ్యం.

కొనే ముందు విప్పి చూడాలి

అడుగున ఉన్న కార్డు తలుపు తీసి స్లాటు పక్కన చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. కొనలకు టేపు చుట్టిన సన్నని వైర్లు రెండో మూడో కనిపిస్తే అదృష్టం: ఫ్యాక్టరీ యాంటెనాలు మూతలో, అంటే స్క్రీన్ ఉన్న పై భాగంలో ఉన్నాయి, కార్డు ఒక్కటే కావాలి. స్లాటు ఉండి వైర్లు లేకపోతే యాంటెనాలూ తేవాలి. బోర్డు మీద స్లాటు అంటించాల్సిన చోట ఖాళీ సోల్డర్ చుక్కలే కనిపిస్తే ఆ ప్రయత్నం మానుకోవడం మేలు. బోర్డు మార్చడం తప్ప దారి లేదు, ఆ ఖర్చుకి వైఫై ఉన్న ఇంకో ల్యాప్‌టాపే వస్తుంది.

స్లాటు ఉన్నంత మాత్రాన అది వైఫై స్లాటే అనుకోకూడదు. చాలా రగ్గడ్ మోడళ్లలో రెండు స్లాట్లుంటాయి. ఒకటి వైఫైకి, ఇంకోటి సిమ్ వేసుకునే మొబైల్ డేటా కార్డుకి. చూడ్డానికి రెండూ ఒకటే. కానీ రెండోదానికి తరచు యూఎస్‌బీ లైన్లు, సిమ్ లైన్లు మాత్రమే ఇస్తారు, కార్డు బోర్డుతో డేటా మార్చుకునే పీసీఐ ఎక్స్‌ప్రెస్ లైన్లు ఉండవు. వైఫై కార్డులో వైఫై భాగం నడిచేది పీసీఐ మీద, బ్లూటూత్ భాగం నడిచేది యూఎస్‌బీ మీద. అందుకే తప్పు స్లాటులో పెడితే బ్లూటూత్ చక్కగా కనిపించి వైఫై జాడే ఉండదు. ఈ లక్షణం చూసి కార్డు పోయిందని తిరిగిచ్చేసేవాళ్లు చాలామంది. పోయింది కార్డు కాదు, పెట్టిన చోటు తప్పు.

పాత రగ్గడ్‌లలో ఉండేది మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ (ఇక్కడ క్లుప్తంగా మినీ పీసీఐ) స్లాటు, 52 పిన్నులది. పూర్తి కార్డు సుమారు 51 మిల్లీమీటర్ల పొడవు, 30 వెడల్పు. సగం కార్డు 27 పొడవు. స్లాటు దగ్గర స్క్రూ గుంట దూరంగా ఉండి చేతిలో సగం కార్డు ఉంటే చిన్న లోహపు ఎక్స్‌టెన్షన్ ముక్క బిగించాలి. అది లేకుండా టేపుతో అదిమిపెట్టడం రగ్గడ్ విషయంలో పనికిరాదు. లారీలో వారం తిరిగేసరికి కార్డు లేచి కూర్చుంటుంది. కొత్త మోడళ్లలో ఎం.2 స్లాటు, 22 వెడల్పు 30 పొడవు కార్డు.

ఎం.2లో ఒక ఉచ్చు ఉంది. ఇంటెల్ ఏఎక్స్ 200, 210 కార్డులు మామూలు పీసీఐ కార్డులు. ఏఎక్స్ 201, 211 చూపుకి వాటి కవలలే, స్లాటులో అలాగే దిగుతాయి కూడా. కానీ వాటిలో రేడియో భాగమే ఉంటుంది, మిగతా సగం ఇంటెల్ ప్రాసెసర్ చిప్‌సెట్‌లోనే ఉండాలి. ఆ ఏర్పాటు లేని బోర్డులో పెడితే ఏమీ కనిపించదు. ద్వారకానగర్ షాపులోనైనా ఆన్‌లైన్‌లోనైనా కార్డు కొనేటప్పుడు ఆఖరి అంకె చూసుకోకపోతే డబ్బు వృథా. ఏఎక్స్ 200, 210లకు ఇంటెల్ డ్రైవర్లు విండోస్ 10, 64 బిట్ నుంచే ఉన్నాయి. పాత స్కానర్ సాఫ్ట్‌వేర్ కోసం విండోస్ 7 మీదే ఉండిపోయిన మెషీన్‌కి మినీ పీసీఐలో ఇంటెల్ 7260 లాంటిది సరైన జోడీ. కొన్ని కంపెనీల పాత బయోస్‌లు (మెషీన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాములు) తమ జాబితాలో లేని కార్డు పెడితే అసలు బూటే కానివ్వవు. ఆ మోడల్‌కి అలాంటి అడ్డు ఉందో లేదో ముందే తెలుసుకోవాలి.

బఠాణీకంటే చిన్న కనెక్టర్

ఈ పనిలో చెడేవాటిలో సగం ఇక్కడే చెడతాయి. మినీ పీసీఐ కార్డు మీద ఉండే గుండ్రటి కనెక్టర్ యు.ఎఫ్.ఎల్, దాని రింగు 2 మిల్లీమీటర్లు. ఎం.2 కార్డు మీద ఉండేది ఎంహెచ్‌ఎఫ్ 4, రింగు 1.5 మిల్లీమీటర్లు. కంటికి తేడా తెలియదు. పెద్ద కొన ఉన్న వైరుని చిన్న కనెక్టర్ మీద నొక్కితే కూర్చున్నట్టే అనిపించి ఊరికే తిరుగుతుంది. చిన్నదాన్ని పెద్దదాని మీద నొక్కితే రింగు చిట్లిపోతుంది. పాత ల్యాప్‌టాప్‌ మినీ పీసీఐ స్లాటులో, కార్డు రకం మార్చే అడాప్టర్ మీద ఎం.2 కార్డు పెట్టేవాళ్లు వైర్లు కూడా మారతాయని గుర్తుపెట్టుకోవాలి. ఎత్తు పెరుగుతుంది కాబట్టి తలుపు మూసుకుంటుందో లేదో కూడా కొలుచుకోవాలి.

కూర్చోబెట్టే పద్ధతి ఇది. వైరు కొసని ట్వీజర్‌తో పట్టి సరిగ్గా కనెక్టర్ నడినెత్తిన పెట్టాలి. వేలితో తేలిగ్గా కదిపితే అటూ ఇటూ జారకుండా గాడిలో పడ్డట్టు తెలుస్తుంది. అప్పుడు ప్లాస్టిక్ పుల్లతో నిలువుగా, పక్కకు వంగకుండా నొక్కాలి. సన్నగా టిక్కుమంటుంది. ఆ చప్పుడు రాకముందే గట్టిగా నొక్కితే కార్డు మీది రింగు ఓ పక్కకి వంగుతుంది, ఇక అది ఎప్పటికీ సరిగా పట్టదు. తీసేటప్పుడు కొన కింద సన్నని పలక దూర్చి నిలువుగా ఎత్తాలి తప్ప వైరు పట్టి లాగకూడదు. యు.ఎఫ్.ఎల్‌ని తయారీదారు హామీ ఇచ్చేది సుమారు 30 సార్లు పెట్టి తీయడానికే. నాలుగు కార్డులు మార్చి చూద్దాం అనే ప్రయోగాలకు ఆ వైరు పుట్టలేదు.

కార్డు మీద చిన్న త్రికోణం గుర్తులుంటాయి. ఇంటెల్ అలవాటు ప్రకారం తెలుపు ప్రధాన యాంటెనా, నలుపు సహాయక యాంటెనా. మూడు యాంటెనాల కార్డయితే మూడోది బూడిద రంగు. రెండూ తారుమారైనా వైఫై పెద్దగా పట్టించుకోదు. కానీ చాలా ఇంటెల్ కార్డుల్లో బ్లూటూత్ సహాయక యాంటెనా మీదే నడుస్తుంది. నల్ల వైరు ఊడితే వైఫై ఫర్వాలేదనిపించి బ్లూటూత్ స్కానర్ మాత్రం గజం దూరంలో తెగిపోతుంటుంది. అప్పుడు స్కానర్‌ని తిట్టుకోవడం మామూలే.

యాంటెనా ఎక్కడ పెట్టాలి

2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. అందులో పావు వంతు, అంటే 3.1 సెంటీమీటర్లు, యాంటెనాకి ఆధారమైన కొలత. 5.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ పావు 1.4 సెంటీమీటర్లే. పాత ల్యాప్‌టాప్‌లో ఉన్న యాంటెనా 2.4 ఒక్కదానికే కోసినదైతే కొత్త కార్డు పెట్టినా 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ పక్కగది దాటదు. తప్పు కార్డుది కాదు. మన దేశంలో 5 గిగాహెర్ట్జ్‌లో 5470 నుంచి 5725 మెగాహెర్ట్జ్ దాకా మధ్య భాగాన్ని లైసెన్సు అక్కర్లేకుండా తెరిచింది 2018 అక్టోబరులో. అంతకు ముందు నాటి డ్రైవర్‌తో నడిచే కార్డుకి ఆ ఛానెళ్లలో ఉన్న రౌటర్ కనిపించకపోవచ్చు.

మూతలో ఎక్కడ ప్లాస్టిక్ ఉందో యాంటెనా చోటు అక్కడే. రగ్గడ్ మూతల అంచుల్లో, పై మూలల్లో ప్లాస్టిక్ టోపీలు అందుకే ఉంటాయి. ఫ్యాక్టరీ యాంటెనా ఉన్న అదే మోడల్ పాత మూత దొరికితే అన్నిటికంటే మంచి దారి అదే. చోటు, వైరు దారి, రబ్బరు బుడ్డి అన్నీ కుదిరి వస్తాయి. దొరకనప్పుడు పలుచటి స్టిక్కర్ లాంటి యాంటెనాలు రెండు కొనాలి. కొనేటప్పుడు బాడీ లోహాన్నే గ్రౌండుగా వాడుకునే రకం కాకుండా, రెండు చేతులూ తనలోనే ఉన్న డైపోల్ రకం ఎంచుకోవాలి. ఎందుకంటే మొదటి రకానికి మూత లోపల పెయింటు గీకి లోహం తేల్చాలి. గీకిన మెగ్నీషియం మీద రాగి టేపు అంటించి, దానికి ఉప్పుగాలి తోడైతే బ్యాటరీ తయారైనట్టే. మెగ్నీషియం తనే కరిగిపోతూ తెల్ల పొడిగా రాలుతుంది. ఫిషింగ్ హార్బర్ వాసన తగిలే దూరంలో వాడే మెషీన్‌కి ఆ గీకుడు చేయకూడదు.

డైపోల్‌ని లోహానికి ఆనించి అంటించినా దండగే. కనీసం ఆరేడు మిల్లీమీటర్ల ఎడం కావాలి, అందుకే ప్లాస్టిక్ టోపీ లోపలి గోడకి అంటించాలి. రెండు యాంటెనాలనూ ఒకే మూలలో ఇరికించకుండా ఒకటి ఎడమ, ఒకటి కుడి. వీలైతే ఒకటి నిలువు, ఒకటి అడ్డం. కంటైనర్ల మధ్య, స్టీల్ ప్లాంటు షెడ్ల కింద సిగ్నల్ నేరుగా రాదు, ఇనుప గోడలకు తగిలి నాలుగు దిక్కులనుంచీ వస్తుంది. ఒక యాంటెనాకి అందనిది రెండోదానికి అందాలంటే అవి వేరుగా, వేరే వాలులో ఉండాలి.

మూతలోంచి కార్డు దాకా వైరు 50, 60 సెంటీమీటర్లు పడుతుంది. 1.13 మిల్లీమీటర్ల సన్న కోయాక్స్ వైరు (నడిమి తీగ చుట్టూ లోహపు తొడుగున్నది) 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మీటరుకి సుమారు 3 డెసిబెల్స్ తినేస్తుంది, అంటే సగం బలం. 5 దగ్గర ఇంకా ఎక్కువ. కొలిచి సరిపోయేంత వైరే కొనాలి. మిగిలింది చుట్టచుట్టి లోపల కుక్కడం అంటే డబ్బిచ్చి నష్టం కొనుక్కోవడం. అయితే కీలు దగ్గర మాత్రం కాస్త వదులు ఉంచాలి. మూతని పూర్తిగా వెనక్కి తెరిచి, వైరు బిగుసుకోకుండా చూశాకే టేపులు వేయాలి. మూసి ఉంచి వైరు లాగిన మెషీన్‌లో, మూత మొదటిసారి పూర్తిగా తెరిచినప్పుడే వైరు తెగుతుంది. లోపలి తీగ తెగినా పైతొడుగు బాగానే కనిపిస్తుంది. మూత వాలు మార్చినప్పుడల్లా సిగ్నల్ పెరిగి తగ్గుతుంటే అనుమానించాల్సింది దీన్నే. వైరుని యూఎస్‌బీ 3 పోర్టు పక్కనుంచి లాగకూడదు. ఆ పోర్టు రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూనే పరుచుకుంటుంది. హార్డ్‌డిస్క్ పెట్టగానే వైఫై నీరసించడానికి అదే కారణం.

మల్టీమీటర్‌తో యాంటెనా పరీక్షించేవాళ్లకు ఒక మాట. చాలా ఫ్యాక్టరీ ల్యాప్‌టాప్ యాంటెనాల్లో నడిమి సూదికీ బయటి రింగుకీ మధ్య బీప్ వస్తుంది. షార్ట్ అయిందని పారేయకూడదు. ఆ రకం యాంటెనా తయారీయే అంత, డీసీకి షార్టు, రేడియోకి కాదు. అదే డైపోల్ స్టిక్కర్లలో చాలావాటికి బీప్ రాదు. ఒకే ల్యాప్‌టాప్‌లోని రెండు ఫ్యాక్టరీ వైర్లలో ఒకటి బీప్ ఇచ్చి రెండోది ఇవ్వకపోతే అప్పుడు రెండోది తెగిందనుకోవచ్చు.

విప్పడం, బిగించడం

అడాప్టర్ తీసి, బ్యాటరీ తీసి, రెండో బ్యాటరీ ఉన్న మోడలైతే అదీ తీసి, పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి ఉంచాలి. స్క్రూలు పొడవుల్లో తేడా ఉంటుంది. థర్మోకోల్ ముక్క మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, తీసిన స్క్రూని తీసిన చోటే గుచ్చితే తర్వాత తడబాటుండదు. పొడుగు స్క్రూ పొట్టి గుంటలోకి వెళ్తే అవతల డిస్‌ప్లేకో బోర్డుకో పొడుచుకుంటుంది.

కార్డుని సుమారు 30 డిగ్రీల వాలుగా స్లాటులోకి తోసి, బంగారు పిన్నులు దాదాపు కనిపించకుండా పోయాక కిందికి అదిమి స్క్రూ వేయాలి. యాంటెనాలు తగిలించాకే పవర్ ఇవ్వాలి. కార్డు కనిపిస్తున్నా రేడియో ఆఫ్‌లోనే ఉందంటుంటే మొదట పక్కనున్న వైర్‌లెస్ స్విచ్, తర్వాత బయోస్‌లో వైర్‌లెస్ ఆప్షన్ చూడాలి. వైర్‌లెస్ లేకుండా తయారైన మెషీన్‌లో ఆ స్విచ్చే ఉండకపోవచ్చు, దాని లైను ఎప్పుడూ ఆఫ్‌లో ఉండిపోవచ్చు. మినీ పీసీఐలో ఆ లైను 20వ పిన్. కార్డు అడుగు వైపు తిప్పి, పిన్నుల మధ్య ఉన్న కోత నుంచి వెడల్పు భాగం వైపు లెక్కపెడితే రెండోది. దాని మీద మిల్లీమీటరు వెడల్పు కూడా లేని క్యాప్టన్ టేపు (వేడికి తట్టుకునే టేపు) ముక్క అంటిస్తే రేడియో లేస్తుంది. సెల్లోటేపు వద్దు, వేడికి జిగురు కారి స్లాటులోకి దిగుతుంది.

మూయకముందే పరీక్షించాలి. రౌటర్ ఉన్న గదిలో సిగ్నల్ బలం మైనస్ 40 నుంచి 50 డీబీఎం (మైనస్ అంకె పెద్దదయ్యేకొద్దీ సిగ్నల్ బలహీనం) రావాలి. అదే గదిలో మైనస్ 75, 80 చూపిస్తే యాంటెనా తగలనట్టే లెక్క. మైనస్ 67 దాకా పని సాఫీగా సాగుతుంది, 80 దాటితే పేజీలు తెరుచుకోవు. మూత తెరిచి ఒకసారి, మూసి ఒకసారి, ల్యాప్‌టాప్‌ని నాలుగు వైపులకీ తిప్పి ఒక్కోసారి చూడాలి. ఒక్క దిక్కున మాత్రం 15 డెసిబెల్స్ పడిపోతే ఆ వైపు యాంటెనా కొన సరిగా కూర్చోలేదు.

ఇక పెట్టె మూయడం. గాస్కెట్ (అంచుల మధ్య ఉండే రబ్బరు పట్టీ) గాడిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. ఒక్క దూది పోగు మిగిలినా నీటికి దారి దొరుకుతుంది. గట్టిపడి, నొక్కినచోట లేచిరాని రబ్బరుని మార్చాలి. మంచిదైతే సిలికాన్ గ్రీజు పలుచగా, మెరుపు కనిపించేంత రాస్తే చాలు. వైరు కోసం కొత్త రంధ్రం వేసినచోట హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు సిలికాన్ సీలెంట్ పూయడం పెద్ద పొరపాటు. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది. అది మూసిన పెట్టెలో చిక్కుకుని రాగి మీద పచ్చటి చిలుము పట్టిస్తుంది. వాసన లేని న్యూట్రల్ రకమే వాడాలి, అదీ 24 గంటలు తెరిచి ఆరబెట్టాక. అసలు రంధ్రం వేయాల్సి వచ్చిందంటేనే ఆ మెషీన్‌కి ఐపీ రేటింగ్ పోయినట్టు భావించడం నిజాయితీ.

మూసే గది గురించి కూడా చెప్పుకోవాలి. విశాఖలో ఉక్కపోత రోజున, 30 డిగ్రీల వేడిలో 80 శాతం తేమ ఉన్న గాలిని లోపల బంధించి సీలు వేస్తే, ఆ గాలి 26 డిగ్రీలకు చల్లబడగానే నీరు వదులుతుంది. 22 డిగ్రీల ఏసీ ఆఫీసులోకి వెళ్లిన ప్రతిసారీ లోపల చెమ్మే. లీటరు గాలిలో ఉండే నీరు 24 మిల్లీగ్రాములే, నిజమే. కానీ కనెక్టర్ మీద ఉప్పు కణం ఒకటి ఉంటే ఆ మాత్రం చెమ్మ చాలు. 25 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న ఏసీ గదిలో మూస్తే లోపలి గాలి 14 డిగ్రీల దాకా నీరు వదలదు. ఏసీలో ఉన్న చల్లటి ల్యాప్‌టాప్‌ని బయటికి తెచ్చి వెంటనే విప్పడమూ ఇదే తప్పుకి రెండో రూపం. కళ్లద్దాల మీద ఆవిరి పట్టినట్టు బోర్డు మీద పడుతుంది. విప్పే ముందు అరగంట ఆగాలి.

స్క్రూలు బిగించేటప్పుడు ముందు చేత్తో వెనక్కి తిప్పాలి. మర పళ్లు కలిసినచోట చిన్న కుదుపు తెలుస్తుంది, అక్కడినుంచి ముందుకి. మెగ్నీషియం మెత్తన, అడ్డదిడ్డంగా ఎక్కించిన స్టీలు స్క్రూ కొత్త మర కోసేస్తుంది. ఆ తర్వాత అది ఎంత తిప్పినా బిగియదు, గాస్కెట్‌ మీద ఆ మూల ఒత్తిడి పడదు. ఎదురెదురు మూలలు మార్చుకుంటూ రెండు విడతల్లో బిగించాలి. ఆఖరున కార్డు తలుపు అంచులో సన్నని కాగితం పట్టీ పెట్టి మూసి లాగి చూడాలి. చుట్టూ ఎనిమిది చోట్ల ఇలా చేస్తే, కాగితం తేలిగ్గా జారి వచ్చిన చోటే రేపు ఉప్పునీరు వెళ్లే చోటు. అక్కడ స్క్రూ ఇంకా బిగించడం కాదు, మళ్లీ విప్పి గాస్కెట్ మడత పడిందేమో చూడాలి. చాలాసార్లు దాని కింద యాంటెనా వైరే నలిగి ఉంటుంది.